పంపరపనస సూర్యుడు, ఆవగింజ భూమి

(విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటేటా ఈ సభలో మనం కరవు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ గురించి మాట్లాడుకుంటాము. అవన్నీ అవసరమే. ఈసారి కార్యదర్శిగారు "మేష్టారూ, అవి మేం చూసుకుంటాం గాని, మీరు మనవలకు పనికొచ్చే విషయం ఏదైనా చెప్పండి" అన్నారు. ముప్పై రెండేళ్ళు సైన్సు చెప్పినవాణ్ణి గనుక సూర్యుణ్ణి, గ్రహాలను పిల్లలకు ఎలా పరిచయం చేయాలో చెబుదామనుకున్నాను. నాకు బాగా తెలిసిన పాఠం కాబట్టి ఎంచుకున్నానని అనుకోకండి. ఒకప్పుడు నేను తప్పుగా చెప్పిన పాఠం కాబట్టి ఎంచుకున్నాను.

ముందు చిన్న తప్పు చెబుతాను. నా ఉద్యోగ కాలమంతా గ్రహాలు తొమ్మిదని చెప్పాను. తొమ్మిది కాకపోతే మార్కు వేసేవాణ్ణి కాదు. 2006 జూన్ నెలాఖరున నేను రిటైరయ్యాను. ఆగస్టు 24న అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య సమావేశమై ప్లూటోను గ్రహాల జాబితా నుండి తీసివేసి మరుగుజ్జు గ్రహం అన్నది. నా వెనకాలే ప్లూటో కూడా రిటైరయ్యాడన్నమాట. నాకు పెన్షన్ వచ్చింది, పాపం అతనికి రాలేదు. ఇప్పుడు గ్రహాలు ఎనిమిది: బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు, గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్. ఆ తప్పు నాది కాదు. లోకం లెక్క మార్చుకుంది, నేనూ మార్చుకున్నాను.

పెద్ద తప్పు మాత్రం నాదే. అది 1980 ఫిబ్రవరి 16, శనివారం నాటిది. ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కర్ణాటక మీదుగా తెలంగాణ దాటి ఒరిస్సా తీరం వరకు చీకటి పట్టీ సాగిపోయింది. హైదరాబాదు దగ్గర రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దుర్భిణులు బిగించి కూర్చున్నారు. మన వైపు కూడా సూర్యుడు చాలావరకు మూసుకుపోయాడు. మరి మనమేం చేశాం? తలుపులు, కిటికీలు బిగించుకున్నాం. ఊరగాయ జాడీల్లో దర్భలు వేసుకున్నాం. వీధుల్లో కుక్క తప్ప మనిషి లేడు.

అప్పుడు నేను కొల్లేటి ఒడ్డున ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. ఎనిమిదో తరగతిలో ఒక కుర్రాడు ఉండేవాడు. లంక గ్రామం నుండి దోనె మీద బడికి వచ్చేవాడు. గ్రహణానికి ముందురోజు నా దగ్గరకు వచ్చి, "మేష్టారండీ, రేపు గ్రహణం ఎట్టా చూడాలండీ?" అని అడిగాడు. సూర్యుడికీ భూమికీ మధ్య చంద్రుడు అడ్డు వచ్చే బొమ్మ అంతకు వారం ముందే బోర్డు మీద నేనే వేశాను. అయినా వాడికి నేనిచ్చిన జవాబు, "చూడటం ఏమిట్రా, ఇంట్లో కూర్చో. కిటికీ కూడా తెరవకు" అని.

సోమవారం బడికి వచ్చి వాడు నాతో, "మేష్టారండీ, మా వేపచెట్టు కింద నేల మీద నెలవంకలు పడ్డాయండీ. ఒకటి కాదండీ, వందలు!" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. అంతటితో ఊరుకోలేదు. గ్రహణం వేళ బయట ఎందుకు తిరిగావని, పైగా అబద్ధాలు కూడానా అని కేకలు వేసి గోడ దగ్గర నిలబెట్టాను. వాడు మారు మాట్లాడలేదు. ఆ తరువాత నన్ను ఏ ప్రశ్నా అడగలేదు. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేశాడు. ఇంట్లో గడవక మానేశాడన్నారు. అదే నిజం కావచ్చు. కాని ప్రశ్నలడిగే కుర్రాణ్ణి మాట్లాడకుండా చేసింది మాత్రం ఇంటి పరిస్థితి కాదు.

తరువాత ముప్పై ఏళ్ళకు, 2010 జనవరి 15న, మరో పెద్ద సూర్యగ్రహణం వచ్చింది. రామేశ్వరం వైపు కంకణంలా కనిపించింది, మనకు పాక్షికం. సంక్రాంతి పండుగ రోజులు, మనవలు ఇంట్లో ఉన్నారు. మధ్యాహ్నం పెరట్లోకి పోయిన మా మనవరాలు పరుగెత్తుకొచ్చి, "తాతయ్యా, చెట్టు కింద అన్నీ చందమామలే!" అన్నది. వెళ్ళి చూద్దును గదా, వేపచెట్టు నీడలో ఎక్కడ వెలుగు మచ్చ పడితే అక్కడ ఒక నెలవంక. ఆకుల సందుల నుండి జారి నేలంతా పరుచుకున్నాయి. నాకు కాళ్ళు ఆడలేదు. ముప్పై ఏళ్ళ కిందట గోడ దగ్గర నిలబడ్డ కుర్రాడే కళ్ళముందు కనిపించాడు.

ఇందులో మాయ ఏమీ లేదు. వెలుగు తిన్నగా పోతుంది. చిన్న రంధ్రం గుండా పోయినప్పుడు అవతలి పక్క వెలుగిచ్చే వస్తువు బొమ్మను తలకిందులుగా వేస్తుంది. ఆకుల సందులే రంధ్రాలు. సూర్యుడు నెలవంకలా ఉంటే బొమ్మలూ నెలవంకలే. మామూలు రోజుల్లో చెట్టు కింద గుండ్రటి మచ్చలు పడతాయే, అవన్నీ సూర్యుడి బొమ్మలే. పుట్టినప్పటి నుండి మనం సూర్యుడి బొమ్మల మీద నడుస్తూనే ఉన్నాం, గమనించలేదు, అంతే.

ఇంకో ముచ్చట చెబుతాను. పెంకుటింట్లో పైకప్పు సందు నుండి వెలుగు గుండ్రంగా పడుతుంది కదా. ఆ కిరణానికి ఎదురుగా ఒక తెల్ల కాగితం పట్టి, మచ్చ వెడల్పు కొలవమనండి. రంధ్రం చిన్నదై, అక్కడి నుండి కాగితానికి 3 మీటర్లు ఉంటే మచ్చ సుమారు 28 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే దూరంలో 107వ వంతు. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. దాన్ని 107తో భాగిస్తే 14 లక్షల కిలోమీటర్లు, అదే సూర్యుడి వ్యాసం! పెంకుల కింద కూర్చుని, స్కేలు బద్దతో ఆరో తరగతి పిల్లవాడు సూర్యుణ్ణి కొలవగలడు. భూమిలాంటివి 109 పక్కపక్కన పేరిస్తే గాని ఆ వెడల్పు రాదు.

ఇక ఆ కుర్రాడి సంగతి. పండుగ వెళ్ళాక అతన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. కొల్లేటి సంగతి మీకు తెలియనిది కాదు. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో దానిలోని చేపల చెరువుల గట్లు కొట్టివేశారు. చాలా కుటుంబాలు పనులు వెతుక్కుంటూ చెదిరిపోయాయి. ఇద్దరు ముగ్గురిని అడగ్గా ఆకివీడు వైపు ఒక చెరువు దగ్గర కాపలా ఉంటున్నాడని తెలిసింది. జుట్టు నెరిసింది, అయినా పోల్చుకున్నాను. అతనే ముందు "మేష్టారండీ" అని లేచాడు. నేను ఉపోద్ఘాతం లేకుండా, "నువ్వు ఆనాడు చూసింది నిజమయ్యా. నేనే తెలియక నిన్ను దండించాను" అన్నాను.

అతను నవ్వి, "నిజమని నాకు తెలుసండీ. నేను చూశాను కదండీ" అన్నాడు.

మిత్రులారా, నా బి.ఇడి. పరీక్షలో ఇంత పెద్ద పాఠం లేదు. చూసినవాడికి సందేహం లేదు. చూడనివాడు బెత్తం పట్టుకున్నాడు.

ఆనాటి నుండి సంక్రాంతి సెలవుల్లో ఆ చెరువు గట్టు మీదనే మా మనవలకు, వాళ్ళ స్నేహితులకు, కాపలా గుడిసెల పిల్లలకు సౌరకుటుంబం చూపిస్తున్నాం. పుస్తకంలో బొమ్మ వేస్తే గ్రహాలన్నీ ఒకే పేజీలో, గోలీకాయల్లాగా పక్కపక్కన ఉంటాయి. అది చూసిన పిల్లవాడు శుక్రుడికి ఎగిరి దూకవచ్చనుకుంటాడు. పేజీలో పరిమాణమూ దూరమూ రెండూ ఇమడవు. చెరువు గట్టు మీద ఇముడుతాయి.

మా లెక్క సులువు. లక్ష కిలోమీటర్లకు ఒక సెంటీమీటరు. అప్పుడు సూర్యుడు 14 సెంటీమీటర్లు, మంచి పంపరపనస కాయ. దాన్ని గట్టు మొదట్లో ఒక గుంజ మీద నిలబెడతాం. భూమి 1.3 మిల్లీమీటర్లు, సన్న ఆవగింజ. శుక్రుడు కూడా దాదాపు అంతే, ఇంకో ఆవగింజ. అంగారకుడు ఒక గసగసం. బుధుడు ఇసుక నలుసు. గురుడు గోలీకాయ. శని రేగిపండు, కాగితంతో వలయం చేసి తొడుగుతాం. యురేనస్, నెప్ట్యూన్ రెండు మిరియపు గింజలు. సామాను అంతా వంటింటి పోపులపెట్టెలో దొరుకుతుంది. ఒక్క ప్రభుత్వ ఉత్తర్వు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు నడక. నా అడుగు ముప్పావు మీటరు ఉంటుంది. పంపరపనస నుండి 8 అడుగులు వేస్తే బుధుడు. 14 అడుగులకు శుక్రుడు. 20 అడుగులకు, అంటే 15 మీటర్లకు, మన భూమి. 30 అడుగులకు అంగారకుడు. ఇంతవరకు పిల్లలు హుషారుగా ఉంటారు. ఆ తరువాత గురుడి కోసం నడవాలి, 104 అడుగులు. శనికి 190. యురేనస్‌కు 383. నెప్ట్యూన్‌కు 600 అడుగులు, 450 మీటర్లు. అక్కడి నుండి వెనక్కి తిరిగి చూస్తే పంపరపనస ఒక చుక్క. ఆ గ్రహం అంత చల్లగా ఎందుకుంటుందో వేరే చెప్పనక్కరలేదు.

మొదటిసారి చేసినప్పుడు మా మనవడి చేతిలోంచి భూమి గడ్డిలో పడిపోయింది. ఎనిమిది మంది పిల్లలు మోకాళ్ళ మీద కూర్చుని పావుగంట వెతికారు. దొరకలేదు. "తాతయ్యా, భూమి పోయింది, ఇంకోటి ఉందా?" అని అడిగాడు. పోపులపెట్టెలో ఉన్నది గాని, ఆకాశంలో ఇంకోటి లేదురా అన్నాను. పిల్లలు కాసేపు మాట్లాడలేదు. అప్పటి నుండి ఆవగింజను అట్టముక్కకు జిగురుతో అంటిస్తున్నాం.

ఆ ఆవగింజకు నాలుగు సెంటీమీటర్ల లోపున చంద్రుడు. మనిషి వెళ్ళి కాలు పెట్టి వచ్చిన దూరం అంతే, రెండు వేళ్ళ వెడల్పు. 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 దిగింది అక్కడే. ఆవగింజ నుండి పంపరపనస వైపు 15 సెంటీమీటర్లు కొలిస్తే, మన శ్రీహరికోట నుండి 2023 సెప్టెంబరు 2న బయలుదేరి 2024 జనవరి 6న చేరిన ఆదిత్య-ఎల్1 ఉన్న చోటు. అంటే 15 లక్షల కిలోమీటర్లు. సూర్యుడి దగ్గరకు వెళ్ళిందని పత్రికల్లో చదివిన పిల్లలు, 15 మీటర్లలో 15 సెంటీమీటర్లేనా అని ఆశ్చర్యపోతారు. అంగారకుడి గసగసం చుట్టూ 2014 సెప్టెంబరు 24న మన మంగళయాన్ తిరగడం మొదలుపెట్టింది. దారిలోనే పదినెలలకు పైగా పట్టింది.

వెలుగు సంగతి ఇంకా తమాషా. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయే వెలుగు, మా గట్టు మీద సెకనుకు 3 సెంటీమీటర్లే పోతుంది. అది చీమ నడక. పంపరపనస దగ్గర బయలుదేరిన చీమ ఆగకుండా నడిస్తే ఆవగింజను చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు. సూర్యుడి వెలుగు మనకు చేరడానికి పట్టే వేళ సరిగ్గా అంతే. నెప్ట్యూన్ చేరడానికి నాలుగు గంటల పైమాటే.

"మరి ఇంకో పంపరపనస ఎక్కడుందండీ?" అని అడిగింది ఒక కాపలాదారు కూతురు. మంచి ప్రశ్న. సూర్యుడు కాక మనకు అతి దగ్గరి నక్షత్రం, ఇదే లెక్కలో, 4,000 కిలోమీటర్ల అవతల. ఇక్కడి నుండి కాశ్మీరు పోయి, మళ్ళీ అంత దూరం పోవాలి. నడుమంతా ఖాళీ.

తాడేపల్లిగూడెం మిత్రులు గట్టు దాకా రానక్కరలేదు. ఏలూరులో బస్సెక్కి ఇంకో లెక్క చెప్పవచ్చు. సూర్యుడు ఏలూరులో, నెప్ట్యూన్ తాడేపల్లిగూడెంలో ఉన్నారనుకోండి. నడుమ 48 కిలోమీటర్లు అనుకుందాం. అప్పుడు సూర్యుడు 15 మీటర్లు, అంటే అయిదంతస్తుల మేడ ఎత్తు. మన భూమి కిలోమీటరున్నర దాటాక, ఏలూరు పొలిమేర కూడా దాటకుండా. అది ఎంత ఉంటుందనుకున్నారు? ఇందాకటి పంపరపనస అంత. దెందులూరు చేరబోతుండగా గురుడు, ఒకటిన్నర మీటర్ల గోళం. భీమడోలు రాకముందే శని. పుళ్ళ దాటాక ఉంగుటూరు లోపల యురేనస్. ఆపైన గూడెం వచ్చేదాకా ఇంకేమీ లేదు. బస్సులో పిల్లలు విసుగెత్తితే సెల్‌ఫోను ఇవ్వకుండా ఈ లెక్క ఇవ్వండి.

భూమి తిరుగుతున్నదని నమ్మించడం అన్నిటికన్నా కష్టం. దానికి కొల్లేటి పడవే సాధనం. పడవ మెల్లగా కదిలినప్పుడు ఒడ్డున ఉన్న తాడిచెట్లు వెనక్కి పోతున్నట్లుంటుంది. ఈ పోలికను ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే, తన 23వ ఏట, ఆర్యభటీయంలో చెప్పాడు: పడవలో ముందుకు పోయేవాడికి కదలనివి వెనక్కి పోతున్నట్లు కనిపించినట్లే, తిరిగే భూమి మీద ఉన్నవాడికి నక్షత్రాలు పడమటికి పోతున్నట్లు కనిపిస్తాయి. దీన్ని చదివి చెబితే పిల్లవాడు తల ఊపుతాడు. పడవ ఎక్కిస్తే, "తాతయ్యా, తాడిచెట్టు నడుస్తోంది" అని వాడే అంటాడు.

ఇది మనకు పరాయి విద్య అని ఎవరూ అనుకోవద్దు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు ప్రపంచం దృష్టి మన తీరం మీద ఉంది. ఫ్రాన్సు నుండి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. అదే వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి మరో బృందంతో వనపర్తి వెళ్ళాడు. ఆనాడు సూర్యుడి అంచు జ్వాలల వెలుగును విడదీసి చూసినప్పుడు ఒక పసుపు గీత కనిపించింది. అది భూమి మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని తరువాత తేలింది. లాకియర్ దానికి సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అని పేరు పెట్టాడు. భూమి మీద అది రామ్సేకి దొరికింది 1895లో. తిరునాళ్ళలో పిల్లలు కొనే బుడగలో గాలి, ముందు సూర్యుడిలో కనబడి తరువాత భూమి మీద దొరికిందన్నమాట. సూర్యుడు వెలిగేది కూడా హైడ్రోజన్‌ను హీలియంగా మార్చుకుంటూనే. 460 కోట్ల ఏళ్ళుగా ఆ పొయ్యి ఆరలేదు. మచిలీపట్నం మనకెంత దూరమండీ? ఆ ఊసు మన పిల్లలకు ఎవరు చెప్పారు?

రఘునాథాచారి 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు, సామాన్యులకు అర్థమయ్యేలా దేశభాషలలో చిన్న పుస్తకం వేయించాడు. విశాఖపట్నంలో అంకితం వెంకట నర్సింగరావు తన సొంత వేధశాల నుండి ఆ శుక్ర సంచారాన్ని చూశాడు. అప్పటివాళ్ళు అంత చేశారు. 1980లో నేను కిటికీ వేసుకున్నాను.

చివరగా రెండు విన్నపాలు.

మొదటిది, జాగ్రత్త. భయపెట్టవద్దన్నానని పిల్లలను సూర్యుడి వైపు చూడనివ్వకండి. గ్రహణం నాడే కాదు, ఏనాడూ వట్టి కంటితో సూర్యుణ్ణి చూడరాదు. ఎక్స్‌రే ఫిలిం, మసి పట్టిన గాజు, నల్లకళ్ళద్దాలు, పళ్ళెంలో పసుపు నీళ్ళు, ఇవేవీ పనికిరావు. కంటి లోపలి పొర కాలినా నొప్పి తెలియదు. గ్రహణాల కోసం ప్రమాణాల ప్రకారం తయారైన కళ్ళద్దాలు వాడండి. లేదా సూర్యుడికి వీపు పెట్టి, అట్టలో గుండుసూది రంధ్రం పొడిచి, నేల మీద బొమ్మ చూపించండి. వేపచెట్టు ఉంటే అదీ అక్కరలేదు.

రెండవది, మీ తీరిక. 2027 ఆగస్టు 2న ఒక సూర్యగ్రహణం మన దేశంలో చాలాచోట్ల పాక్షికంగా కనిపించవలసి ఉంది. అంతదాకా ఆగనక్కరలేదు. ఏటా మే 6, 7 తేదీల్లో, మళ్ళీ ఆగస్టు 5, 6 తేదీల్లో మధ్యాహ్నం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు మన ఏలూరులో సూర్యుడు నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన కర్రకు నీడ పోతుంది. తెల్లవారుజామున మనకు ఎలాగూ నిద్ర పట్టదు, వేగుచుక్క కనిపించే నెలల్లో మనవణ్ణి లేపి చూపించండి. అది చుక్క కాదు, శుక్ర గ్రహమని, ఇంకొన్ని నెలలకు సాయంత్రం పడమట కనిపించేది కూడా అదేనని చెప్పండి. పూజలూ వ్రతాలూ మానమని నేను అనడం లేదు. మా ఇంట్లో నేటికీ పట్టుస్నానం, విడుపుస్నానం ఉన్నాయి. ఆ రెండు స్నానాల మధ్య పిల్లలను వేపచెట్టు కిందకు తీసుకువెళ్ళమంటున్నాను, అంతే.

మనకు తెలియని ప్రశ్న అడిగితే, "తెలియదు, ఇద్దరం చూద్దాం పద" అనండి. ఆ ఒక్క మాట 1980లో నా నోట వచ్చి ఉంటే బాగుండేది.

మొన్న సంక్రాంతికి మా గట్టు పాఠం నేను చెప్పలేదు. మోకాళ్ళు సహకరించక గట్టు మొదట్లో, సూర్యుడి పక్కన, కుర్చీ వేసుకుని కూర్చున్నాను. 600 అడుగులూ పిల్లలను వెంటబెట్టుకుని నడిచి, ఒక్కొక్క గ్రహం దగ్గర ఆగి చెప్పినవాడు ఆ కాపలాదారే. నాకన్నా బాగా చెప్పాడు.

 వచ్చే సంక్రాంతికి మనవలతో రండి. పంపరపనస నేను తెస్తాను. సెలవు.